జంజెం వేసుకున్న కాయలు

బంబులో బూడిద ఇంకా వేడిగానే ఉంది. అయినా సుశీల చేతులు వెనక్కి తీసుకోలేదు.

శ్రావణంలో మగవాళ్లు కొత్త జంధ్యాలు, అంటే జంజాలు, వేసుకునే నూలి పున్నమ కదా, ఇంటిల్లిపాది తలస్నానాలకూ పొద్దుటినుంచి ఆ రాగి బంబులోనే నీళ్లు కాగాయి. బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకుముక్కలు సంచెడు మింగి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు పెరట్లో నిలబడి ఉంది. సుశీల దాని ముందు గొంతుక్కూర్చుని, అడుగునుంచి బూడిద పిడికిళ్లతో తీసి, పళ్లెంలో పరిచి, వేళ్లతో విడదీసి చూస్తోంది.

"దొరికినయా బిడ్డా?" గడపలోంచి అడిగింది చంద్రభాగ. అడగకూడదని తెలిసీ అడిగింది. తల్లి నోరు ఊరుకుంటుందా?

సుశీల మాడిన పుల్లముక్క ఒకటి ఎత్తి చూపించింది.

"కరివేపాకు పుల్లనే అవ్వా. కాయలు దీనికే ఉండె."

చంద్రభాగ గడప దిగి దగ్గరికి వచ్చింది.

కాయలంటే చెట్టుకు కాసేవి కావు. గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారేముందు కొమ్మకు అంటుకుని కాయలాగా బిగుసుకుపోతుంది. పుస్తకాల్లో దానికేదో పెద్ద పేరుంది గాని, దాజీ పేట్‌లోని ఈ ఇంట్లో మాత్రం అవి కాయలే. పురుగులు పుట్టిననాటినుంచి చంటిపిల్లల్ని సాకినట్టు సాకింది సుశీల. నేడో రేపో రెక్కలు వచ్చే సమయానికి పండుగకని ఇల్లు దులిపారు.

"మళ్లొకసారి చెప్పు వదినె. సంచిల ఏసినవా, పక్కకు పెట్టినవా?"

కోడలు బాలమణి గోడకు ఆనుకుని కూర్చుంది. పండుగ పూట చేటలో ఆకు లేదు, తంబాకు లేదు. అలవాటుకొద్దీ ఉత్త చేటను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పాలె? నిన్న ఇల్లు దులుపుతాంటే గూట్లె ఎండుపుల్లలు కనపడ్డయి. ఆకుముక్కల సంచిల ఏసిన."

"పుల్లలకున్న కాయలు కండ్లకు కనపడలేదా?"

"నువ్వే గద చెప్పినవ్, అవి ఎండిన ఆకు లెక్క, పుల్ల లెక్క ఉండి పిట్టలను మోసం చేస్తయని! పిట్టలే మోసపోంగ నేను పోనా?"

సుశీల మళ్లీ బూడిద వైపు తిరిగింది. తన పాఠం తనకే అప్పజెప్పింది వదిన. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

పెళ్లాం ఏడుపు విని మల్లేశం లోపలినుంచి వచ్చాడు. సుశీలకు అన్న. మాట కటువు, మనసు కాదు.

"పోయినయేవో పోయినయి. పండుగ నాడు ఇల్లంత ఆగం చేస్తరా? చెట్టు నిండ పురుగులే ఉన్నయి గద, మళ్ల పెంచుకో."

"అయి వేరన్నా. వీటి తల్లేదో తండ్రేదో నాకెరుక. చెట్టు మీదియి ఎవలకు పుట్టినయో ఎవలకెరుక?"

"అరె! పురుగులకు గూడ కులగోత్రాలు సూస్తున్నవా?"

ఇంకొక రోజైతే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు.

నిజానికి అసలు సంగతంతా ఆ గోత్రాల్లోనే ఉంది. చంద్రభాగకు అక్షరం ముక్క రాదు గాని, బీడీలు చుడుతూ కూతురు చెప్పింది వినగా వినగా ఈ ఒక్క విద్య వంటబట్టింది. ఈ జాతిలో మగవన్నీ ఒక్కటే తీరు, నల్లటి రెక్కల మీద తెల్లటి చుక్కల వరస. ఆడవాటిలో మాత్రం రెండు రకాలు. కొన్ని మగవాటిలాగే సాదా నలుపు. కొన్నిటికి కింది రెక్కల మీద ఎర్రటి మచ్చలు. పిట్టలు నోట పెట్టలేని చేదు సీతాకోకచిలుక వేరే ఒకటుంది, ఈ ఎర్రది దాని వేషం కట్టి బతికిపోతుంది.

మరి ఆ వేషం పిల్లకు ఎవరిచ్చారు? తల్లా, తండ్రా? మగవాటి మీద ఎరుపు జాడే ఉండదాయె. సుశీల సాదా నల్లటి తల్లిని తీసుకుంది. ఆడవన్నీ ఎర్రగానే పుట్టే వంశంనుంచి తండ్రిని తెచ్చి జత చేసింది. ఆ తల్లికి పుట్టే ఆడపిల్లలు ఎర్రగా వస్తే, ఎరుపు తండ్రి ఇచ్చినట్టే. దూరదేశాల్లో ఎవరో చూశారట గాని ఈ దక్కన్‌లో ఎవరూ పెంచి చూడలేదట. "చూపించు, నా దగ్గర పరిశోధనకు చేర్చుకుంటాను" అన్నాడు బొంబాయి ప్రొఫెసరు.

చూపించడానికి ఇప్పుడు పళ్లెంలో బూడిద ఉంది.

*

ముందుగదిలో, నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంటతో సహా, మగ్గానికి తెల్లటి గుడ్డ కప్పి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ, ఎర్రగన్నేరు పూలు. పద్మశాలీల ఇళ్లలో నూలి పున్నమ నాడు మగ్గం పనిముట్టు కాదు, దేవుడు. పూజయ్యాక మర్నాటిదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు.

ఆ మగ్గం పక్కనే కొత్త జంజెం వేసుకుని కూర్చున్నాడు సిద్ధరాములు, ఇంటి యజమాని. మగ్గంలాగే ఆయన్నీ ఇవాళ ఎవరూ కదిలించేలా లేరు.

ఉగాదినుంచి ఆయన కూతురితో నేరుగా మాట్లాడడం లేదు. దాజీ పేట్‌లో ఒక ఆడ డాక్టరు ఉండాలని, అది తన బిడ్డే కావాలని పూనా పంపించాడు. గల్లీ అంతా అప్పుడే "డాక్టరమ్మ" అని పిలవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ పురుగుల చదువు చదువుకుని వచ్చింది. ఆ రోజునుంచి ఏ మాటైనా చంద్రభాగ నోటిగుండానే అటు పోవాలి, ఇటు రావాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకు అంటే ఏమిటో ఆమెను అడగాలి.

గడువు కూడా ఆయనే పెట్టాడు. నూలి పున్నమ లోపల ఆ పురుగుల సంగతి ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే కొంతం చౌక్ పెంటప్ప మాట్లాడిపెట్టిన ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాలి. సుశీల ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు కాయలు గూట్లో భద్రంగా ఉన్నాయి.

"ఆమెకు చెప్పు. సాయంత్రం పెంటప్ప జవాబుకు వస్తడు," అన్నాడు సిద్ధరాములు.

ఆమె ఎదురుగానే నిలబడి ఉంది, చేతులు కడుక్కుని.

"వింటనే ఉన్నది గద!" అంది చంద్రభాగ.

"చెప్పమన్న. చెప్పు."

"పెంటప్ప వస్తడంట బిడ్డా."

"నౌకరికి పోతనని చెప్పు అవ్వా."

"ఏందే?"

"మాస్తరీణ్ నౌకరికి పోతనని చెప్పు. మాట ఇచ్చిన గద."

అరుస్తుందని అనుకుంది చంద్రభాగ. తలుపు ధడాలున వేస్తుందని అనుకుంది. వాటన్నిటికీ సర్దిచెప్పే మాటలు ఆమె దగ్గర మూటకట్టి ఉన్నాయి. ఈ మెత్తటి గొంతుకు మాత్రం ఏ మాటా సిద్ధంగా లేదు.

ఆమెకు భయం వేసింది. చిన్నప్పుడు ఈ పిల్ల పడుగు ఆరబెట్టిన గల్లీ పొడుగునా తుమ్మెదల వెనక పరుగెత్తి, నూలు తెంపి, తన్నులు తిని, మర్నాడు మళ్లీ పరుగెత్తేది. తన్నులకు ఆగని పిల్ల ఇవాళ ఒక్క మాటకు ఆగిపోయింది. బడికి పోతుంది, వస్తుంది, అన్నం తింటుంది. అంతే. ఇంట్లో సుశీల ఉంటుంది గాని, సుశీల ఉండదు.

"ఏడువనన్న ఏడువే," అంది చంద్రభాగ.

"ఏడుపు వస్తలేదవ్వా," అని సుశీల పెరట్లోకి పోయింది, పళ్లెం తోమడానికి.

చంద్రభాగ మొగుడి వైపు తిరిగింది. ఇన్ని నెలలుగా అవతలివాళ్ల మాటలు మోసిన నోరు, మొదటిసారి తన మాట అనడానికి తెరుచుకుంది.

"సంబురమేనా? నువ్వు గెలిచినవ్. కడుపు సల్లబడ్డదా?"

చంద్రభాగ ఇంకా దగ్గరికి జరిగింది.

"డాక్టరే కావాల్నా? బిడ్డకు ఇష్టమైంది చదివితే చదువు కాదా? నీ తండ్రి నిన్ను మిల్లుకు పొమ్మంటే పోయినవా? మగ్గమే నేస్తనని కూసోలేదా?"

"ఉండు," అన్నాడాయన. "గల్లీ వింటది."

"విననీ!"

ఆయన లేవబోయాడు. పంచె మడతల్లో దాచుకున్న చేతులు అప్పుడు బయటపడ్డాయి. గోళ్ల నిండా నలుపు. ముంజేతుల దాకా బూడిద.

చంద్రభాగ ఆగిపోయింది. పొద్దున కాయలు పోయాయని తెలిసినప్పుడు సుశీలా, మల్లేశం, తనూ గల్లీ చివర చెత్తకుప్ప దగ్గరికి పరుగెత్తారు. భవాని పేట్ మలుపు దాకా వెతికారు. ఈయన ఒక్కడే ఇంట్లో ఉండిపోయాడు. కదలలేదని అప్పుడు మనసులో తిట్టుకుంది కూడా. కదలకపోవడమేమిటి, తలస్నానం చేసి, కొత్త జంజెం వేసుకుని, అందరికంటే ముందు ఆ మండే బూడిదలో చేతులు పెట్టింది ఈ మనిషే.

"ఇదేంది..." అనబోయింది.

సిద్ధరాములు వద్దన్నట్టు తల ఊపి, చేతులు మళ్లీ పంచెలో దాచుకున్నాడు. చంద్రభాగకు ఆ క్షణంలో ఆయన మీద కోపమూ జాలీ కలిసి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక లోపలికి వెళ్లిపోయింది.

*

పద్మశాలీల కులదైవం మార్కండేయుని రథం తిరిగిన సందడి గల్లీలోకి వచ్చేసరికి పొద్దు వాలింది. పొద్దున్నే గుడికి పోయిన అంజమ్మ, పక్కింటి సీతాబాయి చెయ్యి పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చింది. సిద్ధరాములు తల్లి. కళ్లలో పువ్వులు వేసి చూపు పోయి చాలాకాలమైంది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది.

"ఏందే, ఇంట్ల బెల్లం పోలెల వాసన లేదు? పండుగ పూట పొయ్యి ముట్టియ్యలేదా?"

చంద్రభాగ అత్తను పట్టి గోడ వార కూర్చోబెట్టింది.

"అగ, కాయ్ ఝాలం?" అని ఏమైందో మరాఠీలో అడుగుతూ సీతాబాయి కూడా కంగారుపడింది.

చివరికి బాలమణే వెక్కుతూ చెప్పింది. సుశీల పుల్లలు, ఆకుముక్కల సంచి, బంబు, బూడిద, అంతా. "నా చేతులతోనే సంచిల ఏసిన బాపమ్మా. ఆమె బతుకే కాలవెట్టిన."

అంజమ్మ ముడతల మొహం మరింత ముడతపడింది.

"పుల్లలంటే... జంజెమేసుకున్నయి, అయేనా?"

"జంజెమేంది?" అన్నాడు మల్లేశం.

"అరె, పొద్దుగాల నేనే గదరా బంబు ముట్టిచ్చింది. సంచిలకెళ్లి ముక్కలు తీసి ఏస్తాంటే చేతి ఏళ్లకు పోగు తగిలింది. కండ్లు పోయినా ఏళ్లకు పోగు ఎరుకనే గద. తడిమి సూసిన. పుల్లకు ఆనుకొని కూసున్నది, మీదికెళ్లి అడ్డంగ పోగు. ఒక్కదానికి కాదు, అన్నిటికి జంజాలే! నూలి పున్నమ నాడు జంజెమేసుకున్నోళ్లను ఎవడన్న పొయ్యిల పెడ్తడా?"

పెరటి గుమ్మంలో సుశీల చేతిలోంచి పళ్లెం జారి కింద పడింది.

పురుగు కాయగా మారేముందు, పడిపోకుండా తన నడుముకూ కొమ్మకూ కలిపి ఒక పట్టుపోగు కట్టుకుంటుంది. ఆ సంగతి సుశీల ఇంట్లో ఎన్నోసార్లు చెప్పింది. అంత సన్నటి పోగు చూపున్నవాళ్లెవరి కంటా పడలేదు.

"ఒక పుల్ల అప్పటికే ఏసినట్టున్న," అంది అంజమ్మ, గొంతు తగ్గించి. "అందుకే మార్కండేయుని ముంగట లెంపలేసుకొని వచ్చిన. మిగిలినయన్ని తీసి దాచిన."

"ఏడ బాపమ్మా? ఏడ దాచినవ్?" సుశీల ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"ఇంకేడ? జంజెమోళ్లు కూసునే జాగల. మగ్గం గుంటల. ఇయ్యాల ఎవడు దిగడు, ఎవడు తొక్కడు. నిమ్మలంగ ఉంటయని పెట్టిన. వచ్చినంక మీ అందర్ని తిడ్దామనుకున్న."

అందరి తలలూ తెల్లటి గుడ్డ వైపు తిరిగాయి. చెత్తకుప్పలు వెతికారు, బూడిద వెతికారు, ఇరుగుపొరుగు చేటలు కూడా వెతికారు. ఇవాళ ముట్టకూడని ఆ ఒక్క చోటు తప్ప అన్నీ వెతికారు.

"సంకల పిల్లను పెట్టుకొని సంతంత దేవులాడిన్రు," అంది అంజమ్మ తృప్తిగా. "ఇంక తిట్టే పనే లేదు నాకు."

బాలమణి ఏడుస్తూనే నవ్వింది. చంద్రభాగ రెండు చేతులూ జోడించింది. ఎవరెవరో దేవుళ్లకు ఒక్కసారే మొక్కేసింది.

అయితే గుడ్డ తీసేది ఎవరు?

సుశీల మగ్గం దాకా వచ్చి ఆగింది. పువ్వులు చెదరకుండా ఉన్నాయి. ఆమె చెయ్యి చాచలేదు.

"అవ్వా, బాపును అడుగు. రేపటిదాక ఆగుమంటే ఆగుత."

చంద్రభాగ అటు తిరిగి, "రేపటిదాక..." అని మొదలుపెట్టింది.

సిద్ధరాములు అప్పటికే లేచాడు. చెంపలు వేసుకున్నాడు, పువ్వులు తీసి తల్లి ఒళ్లో పెట్టాడు, గుడ్డ మడత పెట్టాడు. మల్లేశం "బాపూ, ఇయ్యాల..." అన్నాడు.

"దేవుడు ఏమనుకుంటడో నేను సూసుకుంట," అని, ఆయన గుంటలో కాళ్లు పెట్టి దిగి, పడుగు కిందికి తల వంచాడు.

అందరూ మగ్గం చుట్టూ చేరారు.

"ఉన్నయి," అన్నాడు లోపలినుంచి.

చంద్రభాగ కళ్లు మూసుకుంది.

"ఒకటి బయటికొచ్చింది. తొక్కుడు చెక్క తాడు పట్టుకొని ఏలాడుతాంది." గుంటలోంచి చెయ్యి చాచాడు. "సుశీలా, దీపం పట్టు."

చంద్రభాగ అలవాటుగా కూతురి వైపు తిరిగి, "దీపం పట్టుమంటుండు..." అనేసి, నాలుక కరుచుకుంది. ఆ మాట తన దగ్గరికి రాలేదు. నేరుగా వెళ్లిపోయింది. ఉగాదినుంచి మోస్తున్న బరువు ఎవరో నెత్తిమీదినుంచి దించినట్టు, ఆమెకు ఉన్నట్టుండి మెడ తేలికయింది.

సుశీల దేవుడి ముందున్న దీపం తెచ్చి గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుంది. ఆ వెలుగు తగిలి సీతాకోకచిలుక రెక్కలు ఒక్కసారి విప్పింది.

"ఎర్రగున్నది," అన్నాడు సిద్ధరాములు.

సుశీలకు పొద్దుటినుంచి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. కన్నీళ్లు దీపంలో పడకుండా దీపాన్ని పక్కకు జరిపింది.

"ఏడుస్తవెందుకు? ఎర్రగుండొద్దా?"

"ఉండాలె బాపు. గిట్లనే ఉండాలె."

"దీని తల్లికి ఎరుపు లేకపాయె గద?"

చంద్రభాగ ఆశ్చర్యపోయింది. తల్లి సంగతి ఈయనకు ఎవరు చెప్పారు? బీడీల చేటల దగ్గర కూతురు చెప్తున్నప్పుడు ఈ మనిషి అవతల మగ్గం నేస్తున్నాడు. వినడం లేదనే అందరూ అనుకున్నారు.

"లేదు బాపు. సాదా నలుపు."

"మరి ఏడికెళ్లి వచ్చింది?"

"తండ్రి దగ్గరికెళ్లి."

"తండ్రికి ఉన్నదా?"

"ఉన్నది. లోపట ఉంటది. పైకి కనిపియ్యది. బిడ్డలకు ఇచ్చినప్పుడే ఎరుకైతది."

సిద్ధరాములు ఆ రెక్కలకేసి వంగాడు. తాడు కదలకుండా పట్టుకున్న ఆయన వేళ్ల మీద దీపం వెలుగు పడింది. ఆ గోళ్ల నలుపు సుశీల కూడా చూసింది. తన గోళ్లు చూసుకుంది. ఇద్దరివీ ఒక్కటే బూడిద.

"బాపు, నువ్వు..." అంది.

"ఇంకోటి కదులుతాంది," అన్నాడాయన గబగబా. "పగులు పట్టింది. ఇది ఎర్రదో నల్లదో నాకు తెలుస్తలేదు. నువ్వే దిగి సూడు."

ఆ గుంటలో ఈ ఇంటి ఆడపిల్ల ఏనాడూ కాలు పెట్టలేదు. మల్లేశం ఏదో అనబోతే అంజమ్మ చేతికర్రతో వాడి కాలిమీద ఒకటి వేసింది. సిద్ధరాములు గోడకు ఒదిగి కూతురికి చోటిచ్చాడు. సుశీల దిగింది. ఒక్కటి ఎర్రగా వస్తే చాలదని, మిగిలిన ఆడవన్నీ అలాగే రావాలని చంద్రభాగకూ తెలుసు. అయినా ఆ పక్కపక్కనున్న రెండు తలలను చూస్తుంటే ఆమెకు ప్రస్తుతానికి ఇంకేమీ అక్కరలేదనిపించింది.

"సిద్ధరాములన్నా!" గడపలో పెంటప్ప గొంతు. తలపాగా సర్దుకుంటూ వచ్చి, విప్పిన మగ్గాన్నీ గుంటలోని తండ్రీకూతుళ్లనూ చూసి నోరు వెళ్లబెట్టాడు. "ఏందిది, నూలి పున్నమ నాడు? సరే, ఆడపిల్లల శాళవాళ్లు కొంతం చౌక్ల కూసోని ఉన్నరు. హో అంటరా, నహీ అంటరా? ఇప్పుడే చెప్పాల్నంట."

చంద్రభాగ మొగుడి వైపు చూసింది. అందరూ ఆయన వైపే చూశారు.

సిద్ధరాములు తల పైకెత్తలేదు.

"నన్నెందుకు అడుగుతవ్ పెంటప్పా? నౌకరి ఆమెది. ఆమెనే అడుగు."

పెంటప్ప గుంట అంచుకు వచ్చి వంగాడు. "ఏం బిడ్డా, మరి ఏం చెప్పాలె?"

సుశీల దీపాన్ని కాయకు మరింత దగ్గరగా పట్టింది. పగులులోంచి తడిసిన నల్లటి రెక్క అంచు ఒకటి మెల్లగా బయటికి వస్తోంది.

"ఒక్క నిమిషం ఆగు కాకా," అంది.